వియ్యాలవారి కావిడి

అరకులో రైలు దిగి రోడ్డెక్కితే చాలు, వెదురుబొంగులో కాలిన కోడికూర వాసన మనిషిని మెడ పట్టుకుని లాక్కుపోతుంది. మొన్న నన్నూ అలాగే లాక్కుపోయింది. నా పక్కన నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన విస్తరాకులో ముక్కలు పెట్టుకుని, తినేముందు వాటికి ఫొటోలు తీస్తున్నాడు. పెళ్ళిలో వధూవరులకు కూడా అన్ని ఫొటోలు తీయరు. ఈలోగా ఆకాశం కాస్త మసకబారింది. ఒక గద్ద దిగింది. దాని రెక్కల విసురుకి పక్క దుకాణంలో వేలాడుతున్న చిప్స్ పొట్లాలు ఒరిస్సా దాకా ఎగిరిపోయాయంటే మీరు నమ్మరు కనుక ఆ మాట అనను. విస్తరాకులో పెద్దముక్క మాత్రం పోయింది. ఆయన పోలీసుల్ని పిలవమన్నాడు.

బొంగులు తిప్పుతున్నవాడు తలెత్తకుండానే అన్నాడు: "దాని వాటా అది ఒట్టుకెల్లిపోనాది సార్. మిగిలింది బేగి తినీండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అక్కడ నవ్వినవాళ్ళలో, డేగ నోటిముందరి ముక్క తిని పెరిగినదాన్ని నేనొక్కదాన్నే.

మా ఊరు హుకుంపేట సంతకి పొద్దున్నే బయలుదేరితే ఎండ నెత్తికెక్కే వేళకి చేరే దూరంలో, కొండ చంకలో ఉండేది. మా ఇంటి వెనక గెడ్డ పారేది. గెడ్డ ఒడ్డున మద్దిచెట్టు. ఆ చెట్టు ఎంత ఎత్తంటే మేఘాలు దానికి తగలకుండా పక్కకి ఒత్తిగిలి వెళ్ళేవి. దాని నడినెత్తిన జుట్టుడేగల గూడు. తలమీద పిలకలాగా ఈకలు నిక్కబొడుచుకుని ఉండే పెద్ద డేగ అది. కుందేలుని, అడవికోడిని, ఉడుముని ఎత్తుకుపోగలదు. నన్ను కూడా ఎత్తుకుపోగలదని, నేను అంబలి వద్దన్నప్పుడల్లా మా అమ్మ గుర్తుచేసేది.

ఆ జంట ప్రతి ఏడూ పాత గూటికే నాలుగు కొత్త పుల్లలు చేర్చి, ఒక్క పిల్లని పెంచేది. చెట్టు మా తాతల నాటి పోడులో ఉంది కనుక గూడు మా ఇంటిది. పిల్లకి రెక్కల ఈకలు ముదిరే వేళకి మా చిన్నయ్య, అంటే మా అయ్య తమ్ముడు, చెట్టెక్కి దాని కాలికి అడ్డతీగ నార కట్టి కొమ్మకి ముడివేసేవాడు. పిల్ల గూట్లో తిరగగలదు కానీ ఎగరలేదు. ఎగరలేని బిడ్డకి తల్లీతండ్రీ మేత తెస్తూనే ఉంటాయి. అవి వేటకి వెళ్ళినప్పుడు చిన్నయ్య మళ్ళీ ఎక్కి, వచ్చినదాన్లో తలా, మెడా, పేగులూ పిల్లకి పెట్టి, మిగతాది మాకు దింపేవాడు.

మా ఊళ్ళో దీన్ని దొంగతనం అనేవారు కాదు, వియ్యం అనేవారు. గూట్లో పిల్ల మా ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు. డేగలు వియ్యాలవారు. కొడుకుని ఉంచుకున్న ఇంటికి వాళ్ళు మర్యాదగా కావిడి పంపుతున్నారు. ఇంట్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే కనుక పెళ్ళికూతురెవరో వేరే చెప్పక్కర్లేదు. "ఓసే గుంటా, నీ మొగుడికి తోకొచ్చినాదంట, సూసినావేటి?" అని గెడ్డలో నీళ్ళు ముంచుకునే ఆడవాళ్ళంతా అడిగేవారు. తోటిపిల్లలైతే ఒకనాడు నాకు అడ్డాకుల బాసికం కట్టి, చెట్టుకింద కూర్చోబెట్టి పెళ్ళి చేశారు. సరిగ్గా ముహూర్తానికి పెళ్ళికొడుకు పైనుంచి నా నెత్తిన తలంబ్రాలు పోశాడు. తెల్లగా, వెచ్చగా. ఆ వాసన నా జుట్టులో ఇప్పటికీ కొంచెం మిగిలి ఉందని నా అనుమానం.

చిన్నయ్య చెట్టెక్కేటప్పుడు నెత్తిన సత్తుగిన్నె బోర్లించి, గడ్డం కింద నారతో బిగించి కట్టుకునేవాడు. ఎందుకంటే వియ్యపురాలు ఊరుకునే మనిషి కాదు. ఏ కొండ అవతల ఉన్నా పసిగట్టి వచ్చి, ఆ గిన్నె మీద ఠంగుమని తన్నేది. ఆ చప్పుడు విని అది ఇంటిగంట అనుకుని పక్క ఊరి పంతులు బడి విడిచిపెట్టేసిన రోజులున్నాయి. చిన్నయ్య వీపంతా గోళ్ళ గీతలే. సంతలో జీలుగు కల్లు పడ్డాక చొక్కా ఎత్తి, "ఇయి వియ్యపురాలి సరసాలు" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవాడు.

ఈ వియ్యానికి ఒక గడువుంది. తొలకరి పడ్డాక, చోళ్ళూ సామలూ చల్లబోయే ముందు విత్తనాల పండగ వస్తుంది. ఆ రోజు అల్లుణ్ణి విడిచిపెట్టాలి. ఊరంతా చెట్టుకింద చేరేది. డప్పు మోగుతుండగా చిన్నయ్య పైకి వెళ్ళి కాలి నార కోసి, కోసిన ముక్క కిందికి విసిరేవాడు. ఆ రోజు వరకూ డేగ ఎవరి పెట్టని ఎత్తుకుపోయినా ఎవరూ నోరెత్తరు, వియ్యాలవారి మర్యాద. ఆ రోజు దాటాక అది ఉత్త డేగ. రాయి విసరవచ్చు, బాణం వెయ్యవచ్చు, ఎవరి చేతనైంది వాళ్ళు చెయ్యవచ్చు.

ఇక్కడివరకూ ఈ కథ నేను ఎవరికైనా నవ్వుతూ చెబుతాను.

నేను చెప్పే ఏడాదికి ముందటి వానల్లో చలిజ్వరం మా అయ్యని తీసుకుపోయింది. ఆ ఏటి వానలు ఇంకా రాకముందే అదే జ్వరం నా తమ్ముణ్ణి పట్టుకుంది. అది వదిలేసరికి వాడిలో పొట్టా, కళ్ళూ తప్ప ఏమీ మిగల్లేదు. తలుపు తీస్తే వచ్చే గాలికి ఎక్కడ ఎగిరిపోతాడోనని అమ్మ వాడి మొలతాడుకి తన కొంగు ముడివేసుకుని పడుకునేది. నేను ఉన్నవీ లేనివీ కల్పించి చెబుతానని పేరుంది కానీ, ఇది మాత్రం ఉన్నదే. ముడివేసుకునే పడుకునేది.

మలేరియా మాస్టారు వచ్చి, వాడి వేలు పొడిచి, మాత్రలిచ్చి, "మాంసం, గుడ్లు, పాలు బాగా పెట్టండి" అని చెప్పి వెళ్ళాడు. మేమేదో అవన్నీ అటకమీద దాచుకుని, వాడికి పెట్టడం ఇష్టంలేక కూర్చున్నట్టు. మా కోళ్ళు ఎండల్లో తెగులొచ్చి పోయాయి. చోళ్ళ బాన అడుగు కనిపిస్తోంది. పొయ్యిమీద రోజూ మామిడిటెంకల పిండి జావే. ఆ జావ వాసన ఎలా ఉంటుందంటే, వానలో తడిసిన గోనెసంచిలో పాత చెప్పు పెట్టి ఉడకబెడితే వచ్చేలా ఉంటుంది. తమ్ముడు అది చూడగానే మొహం గోడవైపు తిప్పేవాడు. మాంసం పులుసు వాసనొస్తే మాత్రం ముక్కు ఎగరేసేవాడు. కుందేలు పులుసు తాగిన రోజున వాడికి నా జుట్టు పట్టి లాగేంత బలం వచ్చింది. అమ్మ సంతోషంతో ఏడ్చింది, నేను నొప్పితో ఏడ్చాను.

పక్కింటి పెద్దమ్మ గురించి చెప్పాలి. మాకు చుట్టం కాదు, కానీ అమ్మ ఆమెని అప్పా, అంటే అక్కా, అని పిలిచేది. మొగుడూ పిల్లలూ లేరు, కోళ్ళే ఆమె సంసారం. ఒక్కొక్క కోడితో ఒక్కొక్క రకంగా పోట్లాడేది. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి తమ్ముడి పొట్టమీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. చిన్నయ్య కొండదేవతకి మొక్కేవాడు. పని ఎవరి చేతిలో ఉందో తెలియదు కనుక అమ్మ ఇద్దరికీ దండం పెట్టేది. పెద్దమ్మ ప్రార్థనతో ఆపేది కాదు, పైటలోంచి ఒక గుడ్డు తీసి పొయ్యి పక్కన పెట్టి వెళ్ళేది.

తొలకరి పడింది. పండగ ముందురోజు సాయంత్రం అమ్మ చిన్నయ్యని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

"బాబూ, ఈపాలికి అల్లుణ్ణి ఇప్పకు."

"ఏటి వొదినా ఆ మాట. ఊరంతా సూత్తాది కదా."

"సూడనీ. ఉత్త నారముక్క ఒకటి కోసి కిందకి పారీ. ఇప్పినాక కూడా పిల్ల కొన్నాల్లు గూటి కాడే తిరుగుద్ది. ఎవులికీ అనుమానం రాదు."

"తోక ముదిరిపోనాది. ఇప్పుడెగరకపోతే మరింకెగరదు. అది తప్పు."

"గుంటడు లేసి నడిసిందాకా. అంతే." అమ్మ గొంతు తగ్గించింది. "ఈల అయ్య మంచాన ఉన్నప్పుడు ఎవులూ ఏటీ తేలేదు బాబూ. ఈడికి ఎవులో ఒకలు తెత్తన్నారు."

చిన్నయ్య చుట్ట వెలిగించకుండానే చాలాసేపు నమిలాడు. "సరే," అన్నాడు చివరికి. "కానీ తలా మెడా ముందు దానికి పెట్టినాకే కిందకి దించుతాను. అందులో నువ్వు అడ్డం రాకు."

మర్నాడు డప్పు మోగింది. చిన్నయ్య గిన్నె కట్టుకుని ఎక్కాడు. నారముక్క గాలిలో గిరికీలు కొట్టుకుంటూ దిగింది. పెద్దమ్మ నా బుగ్గ గిల్లి, "నీ మొగుడెల్లిపోతన్నాడే, ఏడు మరి" అంది. సంగతి తెలిసిన భయానికి నేను నిజంగానే ఏడ్చాను. ఆ సంవత్సరం పెళ్ళికూతురి ఏడుపు చాలా బాగా కుదిరిందని ఊరంతా మెచ్చుకుంది.

వానలు ముదిరాయి. ఊరంతా ఆకుల గిడుగులు నెత్తిన వేసుకుని పొలాల్లో వంగి ఉన్న వేళ చూసి చిన్నయ్య చెట్టెక్కేవాడు. కానీ అడవిలో వేట దొరకడం తగ్గింది. ముసురుకి కుందేళ్ళు పొదలు వదలవు. ఊళ్ళో కోళ్ళు ఎటూ పోవు. అందుకని వియ్యాలవారు ఊరిమీద పడ్డారు.

మొదట పోయింది పెద్దమ్మ తెల్లపెట్ట. అది గుడ్డు పెడితే ఆ కూతకి కొండమీద మేకలు తిరిగి చూసేవి. మధ్యాహ్నానికి ఆ తెల్లపెట్ట మా పొయ్యిమీద ఉడుకుతోంది. ఈకలు అమ్మ గెడ్డలో వదిలేసింది. పెద్దమ్మ ఏడ్చుకుంటూ వచ్చి, సరాసరి ఆ పొయ్యి ముందే కూలబడింది.

"సెల్లే, నా తెల్లదాన్ని ఆ డేగముండ ఒట్టుకెల్లిపోనాదే."

అమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. పెద్దమ్మ ముక్కు చీది, గాలి ఎగపీల్చి, "ఏటి కూర?" అంది.

"ఉడుము."

"ఓ ముక్క ఎయ్యి. ఏడిసి ఏడిసి నీరసమొచ్చినాది."

అమ్మ వేసింది. పెద్దమ్మ నమిలి, ఎముక చప్పరించి, కళ్ళు తుడుచుకుంటూ, "ఎవుడు కొట్టినాడో గానీ, అచ్చం కోడిలాగున్నాది" అంది. తన కోడి కోసం ఏడుస్తూ తన కోడినే తింటున్న మనిషిని చూసి నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వు రావాలి. అమ్మ మొహం చూశాక రాలేదు. చిన్నయ్య తింటున్న ఆకు వదిలి వానలోకి వెళ్ళిపోయాడు.

తర్వాత పుంజు పోయింది. తర్వాత పిల్లల పెట్ట పోయింది, గంప కింద పిల్లలు అరుస్తూ మిగిలాయి. పెద్దమ్మ ఏడవడం మానేసింది. డేగ కనిపిస్తే తిట్టడం కూడా మానేసింది. తిట్టని పెద్దమ్మని మా ఊళ్ళో ఎవరూ ఎరగరు.

నేను రోజూ చెట్టుకింద నిలబడి పైకి చూసేదాన్ని. అల్లుడు గూటి అంచుమీద నిలబడి రెక్కలు కొట్టేవాడు. జానెడు లేచేసరికి నార లాగేది, గూట్లో పడేవాడు. మళ్ళీ లేచేవాడు. కొన్నాళ్ళకి లేవడం మానేసి తిండికోసం మాత్రమే అరిచేవాడు. ఇంట్లో తమ్ముడు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకొన్నాల్లే బాబూ," అంది అమ్మ.

ఒక రోజు వాన కాస్త తెరిపి ఇచ్చింది. చిన్నయ్య పొద్దున్నే ఒక చిన్న పెట్టని దింపాడు. తలా మెడా ఎప్పటిలాగే పైన పెట్టి వచ్చాడు. అమ్మ ఉప్పూ పసుపూ వేసి వండింది. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సామబువ్వలో పులుసు కలిపి, ఊది ఊది ఒక ముద్ద పెట్టింది. రెండో ముద్ద చేతిలో ఉండగా పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది.

"సెల్లే, పీడ ఇరగడైపోనాది."

"ఏ పీడ అప్పా?"

"డేగ. రోడ్డు కాడ కూరగాయల తోటోడినడిగి పురుగుల మందు తెచ్చినాను. మన అవిటిపెట్ట లేదా, దానికి మెడనిండా పూసి వాకిట్లో ఇడిసినాను. పొద్దున్నే ఒట్టుకెల్లిపోనాది. ఇంక లెగదు."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పొయ్యి పక్కన పీకిన ఈకల కుప్ప ఉంది. కుప్పమీద ఒక కోడికాలు, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయిన కాలు. ఆ కాలు పెద్దమ్మ వాకిట్లో రోజూ నూకల కోసం గెంతిన కాలు. పెద్దమ్మ దాన్ని చూసింది, కుండని చూసింది, తమ్ముడి మూతికి అంటిన పులుసుని చూసింది.

పెద్దమ్మ ఒక్క అంగలో వచ్చి వాణ్ణి లాక్కుని, తలకిందులుగా పట్టుకుని, గొంతులోకి వేలు తోసింది. అమ్మ ఉప్పునీళ్ళు పోసింది. మళ్ళీ వేలు. ముద్ద వచ్చింది, రాత్రి తాగిన జావ వచ్చింది, పచ్చటి పసరు వచ్చింది, ఆఖరికి ఏమీ రాలేదు. అప్పటికీ వేలు తియ్యలేదు. పొద్దు వాలే దాకా ఇద్దరూ వాడి మీదనుంచి లేవలేదు. అన్నిటికీ ప్రార్థన చేసే పెద్దమ్మ ఆ రోజు దేవుణ్ణి పిలవగా నేను వినలేదు.

చివరికి వాడు కళ్ళు తెరిచి, బలంలేని కాలితో అమ్మని తన్నాడు.

అప్పుడు పెద్దమ్మ గోడకి జారగిలబడి అడిగింది. "ఇప్పలేదేటి?"

"ఇప్పలేదప్పా."

"నాకు సెప్పలేకపోనావా. ఉన్నయన్నీ నానే కోసి ఇచ్చుందునే."

అమ్మ తమ్ముడి మూతి కొంగుతో తుడిచింది.

చిన్నయ్య చెట్టు దిగి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "అల్లుడు పోనాడు," అన్నాడు. "మందంతా ఆ మెడలోనే ఉండిపోయినట్టున్నాది." అల్లుడు గూటి అంచునుంచి తలకిందులుగా వేలాడుతున్నాడు, నార ఇంకా కాలికే ఉంది. మగడేగ జాడ కూడా లేదు, ఆ మెడ అదీ తినుంటుంది. ఆ లెక్కన నేను పావడా వయసులోనే విధవనయ్యాను. గెడ్డ దగ్గర ఆడవాళ్ళెవరూ ఆ మాట అని నన్ను ఏడిపించలేదు.

మర్నాడు పొద్దున్న తల్లిడేగ కుందేలు తెచ్చింది. వేలాడుతున్న పిల్ల పక్కన, గూట్లో పెట్టి పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది.

చిన్నయ్య సత్తుగిన్నె తీసుకొచ్చి అమ్మ ముందు పెట్టేశాడు. "నాను ఎక్కను వొదినా. సంపినా ఎక్కను."

అమ్మ ఆయన్ని బతిమాలలేదు. లోపల తమ్ముడు మళ్ళీ పొట్టా కళ్ళూగా మారిపోయి, జావ వాసనకి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ చీర గోచీ పోసి బిగించి మద్దిచెట్టు దగ్గరికి నడిచింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఆ చెట్టెక్కరు. గిన్నె పెట్టుకోమని చిన్నయ్య వెనకనుంచి అంటూనే ఉన్నాడు, ఆమె వినిపించుకోలేదు. తల్లిడేగ పక్క కొమ్మమీదే కూర్చుని ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి అమ్మ దిగుతోంది. కొంగులో కుందేలు. ఒంటిమీద ఎక్కడా గీత లేదు.

పిల్లని మాత్రం దించలేదు. దించేస్తే డేగ మళ్ళీ రాదు.

డేగ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. తెచ్చిన ప్రతిసారీ గూట్లో పెట్టి పిలిచేది. చెట్టుకింద వాసన పట్టింది. ఈగలు ఎంతగా ముసిరాయంటే, ఎంతగానో చెప్పడానికి ఇక్కడ నాకు పెద్దమాటలు రావడం లేదు. అమ్మ ఎక్కుతూనే ఉంది. పెద్దమ్మ కింద నిలబడి అందుకుంటూనే ఉంది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. కుందేలు పులుసు, ఉడుతల పులుసు, అడవికోడి పులుసు. తమ్ముడు గోడ పట్టుకున్నాడు, గోడ వదిలాడు, ఒక పొద్దున్న గడప దాటి పెద్దమ్మ వాకిట్లోకి నడిచాడు.

ఆ తర్వాత ఒక రోజు డేగ రాలేదు. దాని మర్నాడూ రాలేదు. అమ్మ చిన్నయ్యని పిలిచి, "ఇప్పుడు దించు బాబూ" అంది. దించడానికి ఈకలు, నార మాత్రమే ఉన్నాయి. గెడ్డ ఒడ్డున గొయ్యి తీసి పెట్టారు.

ఆ గూటికి మరే జంటా రాలేదు. చిన్నయ్య మళ్ళీ ఎవరికీ ఆ పని నేర్పలేదు. ఇప్పటి పిల్లలకి చెబితే డేగకి కావిడేమిటని నవ్వుతారు, అడవిశాఖ వాళ్ళు వింటే కేసు పెడతారు. పెట్టడమే మంచిది. తమ్ముడు పాడేరు రోడ్డులో సర్వీసు జీపు నడుపుతున్నాడు. వాడు ఎక్కి కూర్చుంటే జీపు అటువైపు ఒరిగిపోతుంది కనుక, బరువు సరిపోవడానికి ఇటువైపు మనుషుల్ని కుక్కుతానని వాడే చెబుతాడు. ఆ వానాకాలం వాడికి గుర్తులేదు.

ఒకసారి అమ్మా నేనూ కాఫీపళ్ళు కోస్తున్నాం. మాటల్లో మాటగా అడిగాను.

"అమ్మా, పిల్ల సచ్చిపోనాదని ఆ డేగకి తెలీదేటి?"

"ఏల తెలీదు. కంటి ముందే ఉన్నాది కదా."

"మరేల తెచ్చింది?"

అమ్మ ఒక కొమ్మ వంచి పట్టుకుంది.

"మీ సిన్నయ్యని ఎన్ని పాల్లు తన్నినాదో నీకు తెలుసు. నన్ను తన్నలేదు. ఎక్కినన్నాల్లూ తన్నలేదు. నాను దాని పిల్ల పక్కనించి తీత్తంటే, ఇదిగో ఇంత దగ్గిర కూకొని సూసినాది." చేత్తో చూపించింది. మా ఇద్దరి మధ్యా ఉన్నంత దూరం.

"ఒక్కపాలైనా పొడిసుంటే బాగుండును," అని కొమ్మ వదిలేసింది.